నడుముకు మాత్ర మింగే ముందు బుల్లెట్టును చూసుకోండి



తుగ్గలి, పత్తికొండ, ఆస్పరి వైపు నుండి నడుము నొప్పి అని వచ్చేవారిని మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏ బండి మీద తిరుగుతారు?" నొప్పి నడుములో ఉంటే బండి సంగతి ఎందుకని కొందరు మా ముఖం చూస్తారు. "బుల్లెట్టు సార్" అని జవాబు వస్తే ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాము. చక్రాలకు గాలి ఎన్ని పాయింట్లు పట్టిస్తున్నారు? వెనుక షాకబ్జార్బర్ ఏ మెట్టు మీద ఉంది? మొదటిదానికి "గట్టిగానే పట్టిస్తాం సార్" అంటారు. రెండవదానికి జవాబు చెప్పేవారు చాలా అరుదు. అసలు అక్కడ మెట్లు ఉంటాయన్న సంగతే చాలామందికి తెలియదు.

ఆ మెట్ల గురించీ, ఆ గాలి గురించీ, వాటికీ మన వెన్నెముకకూ ఉన్న సంబంధం గురించీ ఇక్కడ వివరంగా చెప్పదలిచాము. బండి సరిచేయించుకుంటే నడుము నొప్పులన్నీ పోతాయని మేము అనడం లేదు. నొప్పికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, వాటి గురించి కూడా చివరలో చెబుతాము. కానీ పగలంతా నడుమును కుదిపే కారణాన్ని అలాగే ఉంచుకుని రాత్రిపూట మాత్ర మింగితే, ఆ మాత్రకు పని ఎప్పటికీ తీరదు.

మన దోవలు, మన బండ్లు

తుగ్గలి, జొన్నగిరి వైపు ఎర్రనేలలు, రాళ్ళదోవలు. ఆస్పరి దాటి ఆదోని, ఎమ్మిగనూరు వైపు పోతే నల్లరేగడి. రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చి కుంగుతుంది. దాని మీద వేసిన తారురోడ్డు కూడా దానితోపాటే లేచి, కుంగి, అలలు అలలుగా తయారవుతుంది. కొత్తగా వేసిన రోడ్డు సైతం రెండు మూడు వానాకాలాలకు అలా కావడం మీరు చూసే ఉంటారు. తొలకరికి జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లో వజ్రాలు వెతకడానికి పోయేవారి సంగతి ఇంకొకటి. పొద్దున బండి మీద గతుకుల దోవ, పగలంతా వంగి నేల చూపు, సాయంత్రం మళ్ళీ అదే దోవ. నడుము ఏమైపోవాలి?

దీనికి తోడు ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. వీటికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ఉంది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగే వాలు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలిగేలా లెక్కకట్టిన కొలత అది. మన ఊళ్ళలో ఉన్నవాటిని చూడండి. ఎత్తు అంతే లేదా ఇంకా ఎక్కువ, వెడల్పు మాత్రం రెండడుగులు. అది స్పీడ్ బ్రేకర్ కాదు, దోవకు అడ్డంగా కట్టిన గట్టు.

ఇక బండి. బుల్లెట్టు అనే పేరు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1932లో మొదటిసారి వాడింది. ఆ రోజుల్లో మోటారు సైకిళ్ళకు వెనుక స్ప్రింగులు ఉండేవి కావు. వెనుక చక్రాన్ని ఫ్రేముకే బిగించేవారు, కుదుపు తగ్గేది సీటు కింద స్ప్రింగుల వల్ల మాత్రమే. 1949లో వచ్చిన 350 బుల్లెట్టులో వెనుక చక్రం కిందికీ మీదికీ ఊగే స్వింగ్ ఆర్మ్, దానికి నూనెతో పనిచేసే షాకబ్జార్బర్లు పెట్టారు. ఆ కాలానికి అది పెద్ద సుఖం. 1950లలో మన సైన్యం ఈ బండిని తీసుకుంది, 1955లో మద్రాసులో తయారీ మొదలైంది. ఇంగ్లండు కంపెనీ 1970 ప్రాంతంలోనే మూతపడినా మద్రాసు బండి ఆగలేదు. 2009లో వచ్చిన క్లాసిక్ మళ్ళీ పాత రూపాన్ని, స్ప్రింగులున్న ఒంటి సీటును తెచ్చింది. 2021లో వచ్చిన కొత్త ఇంజన్ క్లాసిక్ అంతకు ముందువాటికంటే మెత్తగా పోతుందని నడిపినవారు అంటారు. మేమూ ఒప్పుకుంటాము. కానీ మన ఊళ్ళలో తిరిగేవాటిలో పాతవే చాలా ఉన్నాయి. తండ్రి కొన్న బండి కొడుకు నడుపుతున్నాడు, అమ్మడానికి మనసు రాదు. కాబట్టి ఉన్న బండినే సుఖంగా చేసుకునే దారి చూద్దాము.

కుదుపు ఒంటికి ఏమి చేస్తుంది

వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్లలాగా డిస్కులు ఉంటాయి. శరీరానికి దేవుడిచ్చిన షాకబ్జార్బర్లు అవే. పెద్దవారిలో ఈ డిస్కులకు నేరుగా రక్తనాళాలు ఉండవు. మనం కదులుతూ ఉంటే, ఒత్తిడి పడుతూ వదులుతూ ఉంటే, చుట్టుపక్కల నుండి వాటికి నీరు, ఆహారం అందుతాయి. గంటల తరబడి ఒకే తీరుగా కూర్చుని, పైగా కింది నుండి దెబ్బలు తింటూ ఉంటే అవి ఎండి పలచబడతాయి.

కూర్చున్న మనిషి వెన్ను కొన్ని రకాల కుదుపులకు ఎక్కువగా స్పందిస్తుంది. సెకనుకు సుమారు 4 నుండి 8 సార్లు వచ్చే ఊపు వెన్నులోకి వచ్చేసరికి తగ్గకపోగా పెరుగుతుంది. ఊయలను సరైన సమయంలో తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగినట్లు. ట్రాక్టరు, లారీ, గతుకుల్లో మోటారు సైకిలు ఇచ్చే కుదుపుల్లో ఈ రకం ఎక్కువ. ట్రాక్టరు డ్రైవర్లకూ లారీ డ్రైవర్లకూ నడుము నొప్పి ఎక్కువగా రావడానికి ఇదొక కారణమని వైద్యులకు చాలా కాలంగా తెలుసు.

ఇంజను వణుకు వేరు. ఒకే సిలిండరున్న పెద్ద ఇంజను కాబట్టి అది చేతులకూ పాదాలకూ తెలుస్తుంది. వేళ్ళు తిమ్మిరెక్కడం, అరచేతులు జివ్వుమనడం దాని పనే. 2021లో ఆపిల్ కంపెనీ కూడా ఒక హెచ్చరిక ఇచ్చింది. పెద్ద ఇంజన్ల మోటారు సైకిళ్ళ హ్యాండిలుకు తమ ఫోను నేరుగా బిగిస్తే ఆ వణుకుకు లోపలి కెమెరా పాడవవచ్చునట. ఫోనుకు ఉన్న జాగ్రత్త చేతులకు కూడా ఉండాలి కదా.

గాలితో మొదలు పెట్టండి

ఖర్చు లేని వైద్యం ఇదే. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ళదోవలో కుదపకుండా ఉండాలని చక్రానికి గాలి గొట్టం చుట్టాడు. గాలి టైరు వాడుకలోకి వచ్చింది అలా. అంటే టైరులో గాలి ఉన్నది మొదట సుఖం కోసమే. దాన్ని రాయిలా గట్టిపరిచి మనమే ఆ సుఖాన్ని పోగొట్టుకుంటున్నాము.

పంక్చరు షాపులో "అన్నా, ఎంత పెట్టేది?" అంటే "నలభై పెట్టు, వారం దాకా చూసే పని లేదు" అనే మాట మేమూ విన్నాము. పాత బుల్లెట్లకు, 2020 వరకు వచ్చిన క్లాసిక్‌లకు ముందు చక్రానికి 20 పాయింట్ల దగ్గర, వెనుక చక్రానికి ఒక్కరే పోయేటప్పుడు 28, ఇద్దరు పోయేటప్పుడు 30 దగ్గర ఉంటే చాలు. కొత్త ఇంజన్ బండ్ల లెక్క వేరుగా ఉంటుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో మీ బండికి ఏ అంకె రాశారో అదే పెట్టించండి. ముందు చక్రంలో 35, 40 పెట్టించుకుని "హ్యాండిలు చేతులను కొడుతోంది" అంటే అది బండి తప్పు కాదు.

మరీ తగ్గించడం కూడా మంచిది కాదు. గుంతలో టైరు నలిగి రిమ్ము వంగుతుంది, స్పోకులు వదులవుతాయి, ట్యూబు కోసుకుపోతుంది, మలుపులో బండి జారుతుంది. గాలిని చల్లని టైరులో చూడాలి. ఎండలో ఇరవై కిలోమీటర్లు వచ్చి చూస్తే అంకె ఎక్కువే చూపుతుంది.

టైరు వయసు కూడా చూడండి. పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాళ్ళు బాగానే ఉన్నా రబ్బరు ఏళ్ళ తరబడి ఎండకు గట్టిపడి ఉంటే అది కుదుపును మింగదు. పక్కల సన్నని పగుళ్ళు కనబడితే మార్చే సమయం వచ్చింది.

వెనుక షాకబ్జార్బరు మెట్లు

అసలు సంగతి ఇక్కడ ఉంది. మెకానిక్కులు షాకప్ అని పిలిచే ఆ గొట్టంలో రెండు పనులు జరుగుతాయి. బయటి స్ప్రింగు గుంత దెబ్బను మింగుతుంది. లోపలి నూనె సన్నని రంధ్రం గుండా పోతూ స్ప్రింగు ఊపును ఆపుతుంది. స్ప్రింగు కింది భాగంలో మెట్లు మెట్లుగా కోసిన ఒక పట్టీ ఉంటుంది. బండితో వచ్చిన కొక్కెం స్పానరుతో దాన్ని తిప్పితే స్ప్రింగు ముందుగానే ఎంత నొక్కుకుని ఉండాలో మారుతుంది. చాలా బుల్లెట్లలో ఐదు మెట్లు, 2021 క్లాసిక్‌లో ఆరు.

మన పల్లెల్లో జరిగేది ఏమిటంటే, ఏదో ఒకరోజు విత్తనాల మూట, మందు డబ్బాలు, వెనుక ఇద్దరు మనుషులు ఎక్కేసరికి బండి అడుగంటుతుంది. మెకానిక్కు పై మెట్టుకు తిప్పుతాడు. ఆ రోజుకు అది సరైన పనే. కానీ మూటలు దిగిపోయాక దాన్ని ఎవరూ వెనక్కి తిప్పరు. రెండు వందల కిలోల బరువు కోసం బిగించిన స్ప్రింగు మీద అరవై కిలోల మనిషి ఒక్కడే ఏళ్ళ తరబడి తిరుగుతాడు. అంత గట్టిగా నొక్కుకుని ఉన్న స్ప్రింగు చిన్న గతుకులకు కదలనే కదలదు. ప్రతి రాయీ సూటిగా సీటుకు, సీటు నుండి నడుముకు. వెనుక స్ప్రింగు లేని 1930ల బండి మీద తిరిగినట్టే.

ఒక్కరే తిరిగేవారు కింది మెట్టుతో మొదలుపెట్టండి, అవసరమైతే ఒక మెట్టు పెంచండి. ఇద్దరు పోయేటప్పుడు రెండు మూడు మెట్లు పెంచాలి. పెంచకపోతే షాకప్ అడుగంటి 'ఢమ్' అని కొడుతుంది, ఆ దెబ్బ గట్టి స్ప్రింగు కంటే చెడ్డది. రెండు వైపులా ఒకే మెట్టు మీద ఉండాలి. తిప్పడానికి పట్టేది ఐదు నిమిషాలు. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు నూనె వేసి ఉంచండి. ఉలితో, సుత్తితో కొట్టకండి.

సరిగా ఉందో లేదో కొలవాలంటే ఇంట్లో ఉన్న టేపు చాలు. బండిని డబుల్ స్టాండు వేయండి, వెనుక చక్రం గాలిలో ఉంటుంది. వెనుక ఇరుసు నట్టు నుండి దానికి నేరుగా పైనున్న మడ్‌గార్డు మీద ఒక గుర్తు వరకు కొలవండి. తరువాత స్టాండు దించి, మీరు ఎప్పుడూ కూర్చునేటట్టు కూర్చోండి. ఇంకొకరు బండి పట్టుకుంటే, వేరొకరు అదే చోట మళ్ళీ కొలవాలి. రెండు కొలతల తేడా, చక్రం మొత్తం కదలికలో నాలుగో వంతు నుండి మూడో వంతు వరకు ఉండాలి. పాత క్లాసిక్‌లో వెనుక చక్రం కదలిక సుమారు 80 మిల్లీమీటర్లు. కాబట్టి 20 నుండి 27 మిల్లీమీటర్ల దాకా దిగితే సరి. మీరు కూర్చున్నా ఐదారు మిల్లీమీటర్లే దిగిందంటే మెట్టు తగ్గించాలి.

షాకప్ బతికి ఉందా చచ్చిందా అన్నది చూడటం ఇంకా సులభం. సీటును గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నిలబడితే బాగున్నట్టు. రెండు మూడు సార్లు ఎగిరెగిరి పడితే నూనె పని అయిపోయింది. గొట్టం మీద నూనె జిడ్డు, దాని మీద దుమ్ము అంటి ఉంటే కారుతోందని గుర్తు. అప్పుడు జతగా మార్చాలి, ఒక్కటే మార్చడం వద్దు. ఎత్తు ఎక్కువ ఉన్న షాకప్‌లు అందంగా ఉన్నాయని వేయించుకునే కుర్రవాళ్ళకు ఒక మాట: దానివల్ల బండి ముందుకు వాలుతుంది, స్టాండు అందదు, చైను స్వింగ్ ఆర్మ్‌కు రాసుకోవచ్చు. కంపెనీ పొడవే ఉంచండి.

మిగిలినవి త్వరగా చెబుతాము. చైను మరీ బిగుతుగా ఉంటే అది వెనుక చక్రాన్ని కట్టేసినట్టే. మధ్యలో ఒక అంగుళం దాకా ఊగాలి. డబుల్ స్టాండు మీద వెనుక చక్రాన్ని పక్కలకు ఊపితే కటకటమంటే స్వింగ్ ఆర్మ్ బుష్షులు అరిగాయి. ముందు ఫోర్కులో కూడా నూనె ఉంటుంది. ఇంజన్ ఆయిల్ మార్చినంత శ్రద్ధగా దాన్ని ఎవరూ మార్చరు, కొన్ని బండ్లలో అది కొన్నప్పటి నూనే. నల్లగా, నీళ్ళలా అయి ఉంటుంది. పాత బండ్ల ఫోర్కులకు ఉండే రబ్బరు తొడుగు కింద సీలు కారుతున్నా బయటికి కనబడదు, అప్పుడప్పుడు ఎత్తి చూడాలి. ఇంజనును ఫ్రేముకు బిగించే బోల్టులు వదులైతే వణుకు రెట్టింపవుతుంది, వాటిని బిగిస్తే చాలాసార్లు అరచేతుల తిమ్మిరి సగం తగ్గుతుంది.

సీటు సంగతి

అందరూ మొదట చేసేది సీటు మీద ఇంకో స్పాంజి వేయించడం. మేము దీన్ని చివర చెబుతున్నాము, కావాలనే. గాలి, మెట్టు సరిచేయకుండా సీటు మెత్తగా చేస్తే కొద్ది రోజులు హాయిగా ఉంటుంది, అంతే. మెత్తని స్పాంజి మన బరువుకు పూర్తిగా అణిగిపోయి అడుగున రేకు తగులుతుంది. పిరుదుల కింద రెండు ఎముకలు ఉంటాయి, కూర్చున్నప్పుడు మన బరువు వాటి మీదే. ఆ రెండింటికీ చోటు దొరికేంత వెడల్పు, బొటనవేలితో నొక్కితే కొంత దిగి ఆగేంత గట్టి స్పాంజి కావాలి. సీటు కుట్టేవారికి "మెత్తగా కావాలి" అని కాకుండా "గట్టి స్పాంజి, పైన ఒక పలుచని మెత్త పొర" అని చెప్పండి. ముందుకు జారేటట్టు వాలు ఉండకూడదు. జారితే నడుము వంగిపోతుంది.

స్ప్రింగు సీటు చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ స్ప్రింగులకు ఊపు ఆపే నూనె లేదు. పెద్ద గుంతలో మనిషిని పైకి విసురుతాయి. వరుస గతుకుల దోవలో తిరిగేవారికి మంచి స్పాంజి సీటే మేలని మా అభిప్రాయం.

రెక్సిన్ సీటు ఎండకు కాలుతుంది, చెమటకు ఒరుస్తుంది. మన ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన నూలు తువ్వాలు ఒకటి మడతపెట్టి జారకుండా సీటుకు కట్టుకుంటే వేసవిలో తొడల ఒరుపులు, సెగగడ్డలు చాలావరకు తగ్గుతాయి. షుగరు ఉన్నవారు దీన్ని చిన్న విషయమనుకోవద్దు.

నడిపే తీరు

గుంత కనబడితే ముందే వేగం తగ్గించి, గుంతలో పడే క్షణానికి బ్రేకు వదిలేయండి. బ్రేకు నొక్కి ఉంటే ముందు ఫోర్కు అప్పటికే అణిగి ఉంటుంది, దెబ్బ మింగడానికి దానికి చోటు ఉండదు. ఫుట్‌రెస్టుల మీద పాదాలు ఆనించి పిరుదులను సీటు నుండి ఒక అంగుళం లేపండి. మోకాళ్ళు, తొడలు దెబ్బను తీసుకుంటాయి, నడుముకు పోదు. మోచేతులు బిగబట్టకుండా కొద్దిగా మడిచి ఉంచండి. ముప్పావు గంటకొకసారి దిగి నాలుగడుగులు నడవండి, చేతులు నడుము మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి వంగండి. డిస్కులకు నీరు అందేది అప్పుడే.

కిక్ కొట్టే బండి ఉన్నవారికి ఇంకో మాట. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో ముందుకు వంగి బలం చేస్తే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. నిద్ర లేచి నేరుగా బండి దగ్గరకు పోయి కిక్కు కొట్టకండి. ముఖం కడుక్కుని, కాసేపు అటూ ఇటూ తిరిగి, తరువాత బండి దగ్గరకు రండి. డబుల్ స్టాండు వేసేటప్పుడు చేతులతో ఎత్తకండి. స్టాండును పాదంతో తొక్కి మీ ఒంటి బరువు దాని మీద వేస్తే బండి తనంతట తానే లేస్తుంది. క్లాసిక్ బరువు 190 కిలోల పైమాటే, దాన్ని ఎత్తాలని చూస్తే నడుము పట్టేయడం ఖాయం.

ఈ గుర్తులుంటే బండి సంగతి పక్కన పెట్టి ఆసుపత్రికి రండి

కుదుపుల వల్ల వచ్చే నొప్పి సాధారణంగా విశ్రాంతితో తగ్గుతుంది, బండి ఎక్కితే పెరుగుతుంది. చాలామందిలో ఆరు వారాల్లోపు నెమ్మదిస్తుంది. మంచం మీదే పడుకోవడం ఒకటి రెండు రోజులకు మించి అవసరం లేదు, నడుస్తూ ఉన్నవారికే త్వరగా తగ్గుతుంది. నడుము బెల్టు కొన్ని రోజులకు సరే. నెలల తరబడి కట్టుకుంటే కండరాలు తమ పని మరచిపోతాయి.

రాత్రి నిద్రలో కూడా నొప్పి తగ్గకపోవడం, సాయంత్రం జ్వరం, ఆకలి లేక చిక్కిపోవడం ఉంటే అది వెన్నెముక క్షయ కావచ్చు. మన దేశంలో ఇది అరుదైన జబ్బు కాదు. ముందే కనిపెడితే మందులతో నయమవుతుంది, ఆ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆలస్యమైతే వెన్ను గూని పడి కాళ్ళు చచ్చుబడతాయి. కాలు బలం తగ్గడం, పాదం ఈడ్చడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, సీటుకు ఆనే చోట స్పర్శ తెలియకపోవడం – ఇవి కనబడితే మరుసటి రోజు దాకా ఆగవద్దు. ఆ రోజే పెద్ద ఆసుపత్రికి చేరాలి.

నొప్పి మాత్రల గురించి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి మూడు నాలుగు రోజులకు పనికివస్తాయి. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, రక్తపోటు, మూత్రపిండాల నష్టం. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగని మనిషికి ఆ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. "ఒక్క సూదితో తగ్గింది" అని నెలనెలా వేయించుకునే సూదిలో స్టెరాయిడ్ ఉంటే అది ఎముకలను గుల్ల చేస్తుంది. ఏ సూది వేస్తున్నారో అడిగి, చీటీ రాయించుకోండి. అడగడం మీ హక్కు.

వెనుక కూర్చున్నవారు

బండి కుదుపు అందరికంటే ఎక్కువ తగిలేది వెనుక కూర్చున్నవారికే. నడిపేవారు రెండు చక్రాల నడుమ కూర్చుంటారు, వెనుక సీటు సరిగ్గా వెనుక ఇరుసు మీదికి వస్తుంది. నడిపేవారికి గుంత కనబడుతుంది, ఒళ్ళు ముందే సిద్ధపడుతుంది. వెనుక ఉన్న అమ్మకు ఏమీ కనబడదు. పైగా ఒకపక్కకు కూర్చుంటే వెన్ను మెలితిరిగి ఉంటుంది, ఆ స్థితిలో దెబ్బ పడుతుంది.

అరవై దాటిన స్త్రీలలో ఎముకలు పలచబడి ఉంటాయి. అలాంటివారికి ఒక్క స్పీడ్ బ్రేకరు చాలు, వెన్నుపూస నలిగిపోవడానికి. కింద పడనక్కరలేదు, బండి గుద్దుకోనక్కరలేదు. "ఏమీ కాలేదు సార్, గుంతలో ఎగిరిపడిందంతే, అప్పటినుండి లేవలేకుండా ఉంది" అని తీసుకువస్తారు. ఎక్స్‌రే తీస్తే పూస ముందువైపు అణిగి ఉంటుంది. నెలల తరబడి నొప్పి, తరువాత వంగిన వెన్ను. ఏళ్ళుగా స్టెరాయిడ్ వాడిన ఆస్తమా రోగులకు, కీళ్ళవాతం ఉన్నవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

కాబట్టి ఇంట్లో పెద్దవారిని ఎక్కించుకునే రోజున షాకప్ మెట్టు ఇద్దరికి తగినట్టు పెంచండి, వెనుక చక్రం గాలి చూడండి. వీలైన చోట రెండువైపులా కాళ్ళు వేసి కూర్చోబెట్టండి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా చీర గార్డు ఉండాలి. పాదాలు ఆనడానికి ఫుట్‌రెస్టు, పట్టుకోవడానికి పిడి ఉండాలి. ఇవి చట్టం కూడా అడుగుతుంది. అందం కోసం వాటిని పీకేసిన బండి మీద అమ్మను ఎక్కించకండి. ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి. గుంత వచ్చే ముందు "అమ్మా, గట్టిగా పట్టుకో, గుంత" అని ఒక మాట అనండి. ఆ ఒక్క మాటకు ఆమె ఒళ్ళు సిద్ధమవుతుంది.

ఎముకలు గుల్లబారినవారిని, ఈమధ్యే వెన్ను ఆపరేషన్ అయినవారిని బండి మీద అసలు తేవద్దు. పత్తికొండ నుండి ఆదోనికి బస్సు ఉంది. బస్సులో కూడా చివరి సీట్లు వెనుక చక్రాల అవతల ఉంటాయి, అక్కడ ఎగిరిపడినంత ఇంకెక్కడా ఎగిరిపడరు. కండక్టరును అడిగి ముందువైపు, రెండు చక్రాల నడుమ సీటులో కూర్చోబెట్టండి. నొప్పులు మొదలైన గర్భిణిని మాత్రం ఎంత దగ్గరైనా బుల్లెట్టు మీద తేకండి. 108కి ఫోను చేయండి, బండి వచ్చేదాకా ఆమెను ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టండి.